దర్వాజకు పూసిన అడవుల్లి

మెదక్‌కు బదిలీ అయి వచ్చిన కొత్తలో మేడ మీద ఒంటి గది కిరాయికి తీసుకున్నాను. బజార్లో ఆకుకూరలమ్మే అవ్వ ఒకామె టేక్మాల్ నుంచి బస్సులో వచ్చేది. మొదటి వారమే నా చేతిలో పిడికెడంత గడ్డ పెట్టింది.

"అడవుల్లిగడ్డ బిడ్డా. కూరల ఎయ్యకు, ఇసం. దర్వాజకు కట్టుకో, దిష్టి తగలది."

"నాకెవ్వరి దిష్టి తగుల్తదవ్వా? ఆ మెట్లెక్కి పిల్లి గూడ రాదు."

నవ్వుతూనే అన్నాను గానీ, అన్నాక నా మాట మీద నాకే చిరాకేసింది. ఆ చిరాకుతోనే దాన్ని దారంతో దర్వాజకు కట్టేసి మరిచిపోయాను.

ఎండలు ముదిరాయి. ఆఫీసులో ఫైళ్ల మాటలే. ఆదివారమైతే అవీ లేవు. ఒక ఆదివారం సాయంత్రం దాకా నోరే విప్పలేదని గుర్తొచ్చి, గొంతు ఉందో పోయిందో చూసుకుందామని పాలగిన్నెను తిట్టాను. అది మాత్రం ఏం చేస్తుంది పాపం!

మర్నాడు తాళం వేస్తూ తలెత్తితే, గడ్డలోంచి మూరెడు కాడ! మన్ను లేదు, చుక్క నీళ్లు లేవు, ఒక్క ఆకు లేదు. కాడ పొడుగునా మొగ్గలు. సాయంత్రం విచ్చిన పువ్వు తెల్లారేసరికి వాడిపోతోంది, మరుసటి సాయంత్రం దానిపైది విచ్చుతోంది. గడ్డేమో రోజురోజుకూ ముడుచుకుపోతోంది.

అన్నీ రాలిపోయేలోగా ఎవరికైనా చూపించాలి. ఫొటో తీసి ఫోన్లో పేర్లు వెతికాను. గ్యాస్, నీళ్ల క్యాన్, ఆఫీసు. ఎవరికి పంపను, నా మొహం! అవ్వకే చూపిద్దామని బజారుకు పోతే ఆమె చోటు ఖాళీగా ఉంది.

"మోకాళ్లు నొస్తున్నయని దవాఖానకు పోయింది," అంది పక్కన నిమ్మకాయలమ్మే ఆమె.

మూడు రోజులు తిరిగాను. నాలుగోనాడు సాయంత్రం అవ్వ వచ్చింది. అప్పటికి కాడ చివర నాలుగు పూలే మిగిలాయి.

"జర మా ఇంటికి రా అవ్వా," అని గంప నేనే ఎత్తుకున్నాను. మెట్టు మెట్టుకూ మోకాలు పట్టుకుని, మేడ కట్టినవాణ్ణి తిడుతూ ఎక్కింది. పూలకేసి చూసింది.

"గట్లనే పూస్తది," అంది, అదో వింతా అన్నట్టు.

ప్రాణం ఉసూరుమంది. దీనికోసమా ముసలామెను ఇన్ని మెట్లెక్కించానని నా మీద నాకే కోపమొచ్చింది. అవ్వ పూలను వదిలేసి నా మొహంలోకి చూస్తోంది.

"మస్తు మంచిగున్నవ్ బిడ్డా. నా దిష్టే తగిలేటట్టుంది," అని రెండు చేతులతో నా చెంపలు నిమిరి, కణతలకు ఆనించుకుని మెటికలు విరిచింది.

ఏడ్చేశాను. ఆమె దిగిపోయాక మొహం కడుక్కుందామని నల్లా తిప్పి, చెంపల మీద ఇంకా ఆమె చేతుల ఆకుకూరల వాసన తగులుతుంటే మళ్లీ కట్టేశాను.