మాస్టారి మూడు గళ్ళ కాగితం

మా లైబ్రరీ మాస్టారు పోయారన్న కబురు గురువారం ఉదయం, తెనాలి హాస్టల్లో టిఫిన్ తింటుండగా, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. ఎవరు రాశారో, ఎప్పటి మెసేజో చూశాను. తప్పుడు కబురై ఉంటుందన్న ఆశతో రేపల్లెలో వాళ్ళింటికి ఫోన్ చేశాను. "అవునమ్మా, తెల్లవారుజామున," అన్నారు వాళ్ళావిడ.

లైబ్రరీ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయన ఇంటి వరండాలో పాత కంప్యూటరొకటి పెట్టి మాలాంటివాళ్ళకి నేర్పేవారు. మొదటిరోజు పాఠం ఉండదు. మూడు గళ్ళ కాగితం ఇస్తారు. సొంతంగా చేయగలను, పక్కన ఒకరుంటే చేస్తాను, రాదు. ఫైలు దాచడం నుంచి వార్త నిజమో కాదో తేల్చడం దాకా ప్రతి పనికీ ఏ గడో మనమే చూసుకుని టిక్కు పెట్టాలి. అదీ పెన్సిలుతోనే.

"పెన్నెందుకు వద్దండీ?" అంటే, "రేపు నీ మీద నీకే అనుమానం రావాలిగా," అనేవారు.

నేను డిగ్రీ చదివినదాన్ని. రెండు నిమిషాల్లో అన్నీ మొదటి గడిలో పెట్టేసి ఇచ్చాను. "అబ్బో, అయితే నువ్వే నాకు నేర్పాలి," అన్నారు. ఆయన సొంత కాగితంలో రెండో గడే నిండుగా ఉండేది.

ఆ వానాకాలంలో, బాపట్లలో జరిగే ఉద్యోగ పరీక్ష వాయిదా పడిందన్న మెసేజ్ గ్రూపులో పెట్టింది నేనే. బయట వాన దంచుతోంది. నమ్మడానికి నాకు అది చాలింది. తీరా చూస్తే అది కిందటేడు తుఫానప్పటిది. మాతో పాటు నేర్చుకునే చెరుకుపల్లి అమ్మాయి అది చదివి బస్సెక్కలేదు. ఆ పరీక్ష పేరు చెప్పి ఏడాదిగా పెళ్ళిచూపులు ఆపుకుంటూ వచ్చిన పిల్ల.

గ్రూపులో క్షమాపణ రాయబోతుంటే మాస్టారు ఆపారు. "ఫోన్లో కాదు, పద," అని నన్ను చెరుకుపల్లి తీసుకెళ్ళారు. గుమ్మంలో ఆ అమ్మాయి, "అక్కా, నువ్వు పెట్టావనే నమ్మాను," అంది. తిరిగొచ్చాక ఆయన నా కాగితం, రబ్బరు నా ముందు పెట్టి లోపలికెళ్ళిపోయారు. ఆయన తిట్టలేదు కాబట్టే మర్నాడు మళ్ళీ ఆ వరండా ఎక్కగలిగాను.

కబురొచ్చిన గురువారమే రైల్లో రేపల్లె వెళ్ళాను. ఆయన్ని వరండాలోనే పడుకోబెట్టారు. జనానికి చోటు కోసం కంప్యూటరు బల్ల గోడవారకి జరిపారు.

చెరుకుపల్లి అమ్మాయి నాకు విడిగా రాసింది. "అక్కా, నువ్వు కళ్ళారా చూశావా?"

తలెత్తి ఆయన వైపు మరోసారి చూశాను. "చూశాను. నిజమే," అని పంపాను. మెసేజ్ చదివినట్టు రెండు గీతలూ నీలమయ్యాయి. ఏదో రాస్తున్నట్టు కాసేపు కనిపించింది. తర్వాత, "బస్సెక్కుతున్నానక్కా," అని వచ్చింది.