హనుమండ్ల పాత జేసీబీ

బెల్లంపల్లి బస్టాండు దాటి జర ముందుకొస్తే నా చాయ్ హోటల్. నా పేరు ఐలవ్వ. పక్కనున్న ఖాళీ జాగల హనుమండ్లు తన జేసీబీ నిలబెట్టుకుంటుండె. పసుపు రంగు పోయి తుప్పు తేలిన బండి. ఎవ్వలన్న దాన్ని చూసి నవ్వితే ఆయనకు ఎక్కడలేని కోపమొస్తుండె. కొత్త బండ్లకు షోకులెక్కువ, పని తక్కువ అని గునుస్తుండె.

ఆయన బాపు బొగ్గుబాయిల పనిచేసిండు. పైకప్పు కూలకుంట దుంగలు నిలబెట్టుడు ఆయన పని. బాయిలు మూతవడుడు మొదలైనంక కొడుక్కు నౌకరి రాలే. హనుమండ్లు ఏండ్లకేండ్లు మంది బండ్లు నడిపి, ఆఖరికి ఎవలో వద్దనుకున్న గీ బండిని కొన్నడు. కొత్త బండ్లోళ్లు పోమన్న కాడికి దీన్ని కిరాయికి పంపుతుండె. ఉట్నూర్ దిక్కు అడవి ఊర్లు, తొవ్వ లేని చేన్లు, బురద వాగులు. దాని మీదనే ఆయన ఇల్లు నడిచింది.

బండికి ఒక రోగముండె. ముందర బకెట్ మోసే చేతులు పైకి లేపితే నిలువయి. లోపల ఆయిల్ ఆపే సీళ్లు అరిగిపోయి మెల్లగ కిందికి జారుతయి. బానెట్ తెరిచి ఇంజన్ చూడాలంటే ఆ చేతులు లేపాల్సిందే. అందుకని బొగ్గుబాయి దుంగ ఒకటి బండికి కట్టి పంపుతుండె. చేతులు లేపాలె, కింద దుంగ నిలబెట్టాలె, అటెనుక తలకాయ లోపల పెట్టాలె. గది ఆయన కాయిదా. సీళ్లు మార్పియ్యరాదురా అని నేనెన్నిసార్లు మొత్తుకున్ననో. గీ ఒక్క కిరాయి కానీ అక్కా అంటుండె. ఆ ఒక్క కిరాయి ఎన్నడన్న అయిపోతదా, నా మొఖం!

డ్రైవర్ అంబదాస్ ఆదిలాబాద్ దిక్కోడు, మా బెల్లంపల్లిలనే ఉంటుండె, ఇంట్ల మరాఠీ మాట్లాడుతుండె. పండరిపురం పోయొచ్చి మెడల తులసిమాల ఏసుకున్నడు. ఆ మాల ఏసుకున్నోళ్లు మందు ముట్టరు, నీసు తినరు. ఆయన నా హోటల్ల గుడ్డు ఉడికిన గిన్నెల కాచిన చాయ్ గూడ తాగకపోతుండె. పెండ్లాం లీలాబాయి హనుమండ్లను అన్నా అని పిలుస్తుండె, ఏటేటా రాఖీ కడ్తుండె.

మొన్న చలికాలం భానుప్రసాద్ అనే కాంట్రాక్టర్ బండిని ఉట్నూర్ అవతలి ఊరికి తీస్కపోయిండు. చేన్లు చదును చేసే పని. ఆ దిక్కు చలి ఎముకలు కొరుకుతది. కూలోళ్లు చలిమంట ఏసుకుంటు, ఎండిన కట్టె కదా అని ఆ దుంగను మంటల పెట్టిండ్రు. అదేందో వాళ్లకేమెరుక?

తెల్లారి హనుమండ్లు నా హోటల్ల చాయ్ తాగుతుంటే అంబదాస్ ఫోన్ చేసిండు. దుంగ కాలిపోయిందట, ఇంజన్ వేడెక్కుతుందట, బెల్టు చూడాల్నట. ఇంకో దుంగ దొరికేదాక ఆగురా అనాలె గదా! అనలే. పని ఆగితే భానుప్రసాద్ ఇంకో బండి తెప్పిస్తడేమోనని ఈయన ఫికర్. జర చూసుకొని జల్దీ కానియ్యి అన్నడు. నా చెవులార విన్న.

మెల్లగ జారే చేతులు ఆ పొద్దు ఒక్కసారే దిగినయి. అంబదాస్ పాణం ఆడికాడనే పోయింది.

మర్నాడు పీనుగ అంబదాస్ ఇంటికొచ్చింది. నేనూ, హనుమండ్లూ ఆడనే ఉన్నం. వెంట భానుప్రసాద్ వచ్చిండు, డ్రైవర్ తాగి బండి కింద దూరిండని కనవడ్డోనికల్ల చెప్పుకుంట. పోలీసులకూ గదే చెప్పిండట. హనుమండ్లను పక్కకు తీస్కపోయి, రేపు పోలీసులు అడిగితే నువ్వూ గదే చెప్పు, నీకు కేసుండదు, నాకు తిప్పలుండదు అన్నడు. దగ్గర్లనే నిలవడ్డ నాకు ఆ మాట ఇనవడ్డది. నాకు ఒళ్లు మండింది.

తాగిండన్న మాట చుట్టాల చెవుల పడ్డది. అంబదాస్ కులపెద్ద ఒకాయన లేచి, తాగినోని మెడల మాలేందని పీనుగ మీద చెయ్యేసిండు. లీలాబాయి ఆ చెయ్యి పట్టుకొని, మా ఆయన తాగలే, మా ఆయన తాగడు అని మొత్తుకున్నది. నేను గూడ తాగడనే అన్న, ఎవ్వలు ఇనలే. ఆమె హనుమండ్ల దిక్కు చూసింది. ఆయన గోడకు ఆనుకొని తల దించుకున్నడు. పెద్దాయన మాల తెంపిండు. ఉత్త మెడతోనే తీస్కపోయి కాలవెట్టిండ్రు.

పొద్దు గూకంగ నేను హనుమండ్ల ఇంటికే పోయిన. ఆయన అన్నం ముందట కూసున్నడు, తింటలేడు. నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా అన్న. ఆయన ఏడ్చిండు. జైలుకు పోతే ఇల్లెట్ల గడుస్తదక్కా అన్నడు. లీలాబాయి ఇల్లెట్ల గడుస్తదో అది అడుగు ముందు అన్న. కోపం కోపమే, కడుపుల బాధ బాధే. ఆయన గూడ నా కండ్ల ముందట పెరిగినోడే.

తెల్లారి పోలీసులు లీలాబాయి వాకిట్లకొచ్చిండ్రు. భానుప్రసాద్ ముందే వచ్చి కుర్చీ ఏసుకొని కూసున్నడు. నేను నోరు తెరువక ముందే హనుమండ్లు లేచి నిలవడ్డడు.

"తాగలే సారూ. చేతులు నిలువయని నాకెరుక. దుంగ లేదని ఫోన్ గూడ చేసిండు. అయినా నేనే చెయ్యమన్న."

భానుప్రసాద్ మొఖం మాడిపోయింది. చుట్టాలు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. లీలాబాయి గడపల కూసున్నది. ఆమె కండ్లల్ల నీళ్లు లేవు. ఈసారి అన్నా అని పిలువలే.

"నిన్న పీనుగ ముందట నిలవడి గీ మాట ఎందుకు చెప్పలే? నిన్న చెప్తే మా ఆయన ఇజ్జత్ తోని పోతుండె గదా."

 పోలీసులు జీపెక్కుమంటే హనుమండ్లు పోయి ఎక్కిండు.