పుస్తకం ఇవ్వని అటెండరు

నా పీహెచ్‌డీ ఎలా పూర్తయిందని అడిగినవాళ్లకు గైడు పేరు చెబుతాను. అది సగం నిజమే. మిగతా సగాన్ని ఇక్కడ రాసిపెడుతున్నాను.

బడిలోకన్నా లైబ్రరీలోనే ఎక్కువ నేర్చుకున్నవాణ్ణి. తిరుపతిలో పరిశోధనకు చేరాక కూడా చదువుతూ పోయానే గాని రాయలేదు. గడువు నెలే మిగిలింది, చివరి అధ్యాయం మొదలే కాలేదు. ఆ రోజు ఇంకో పుస్తకం అడిగితే లైబ్రరీ అటెండరు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, "లేదప్పా" అన్నాడు.

"నీ ఎనకాలే ఉండాది గదన్నా."

"ఉండాది. నీకు లేదు. సదివింది సాలు, పోయి రాయి."

కోపంగానే రాయడానికి కూర్చున్నాను. ఇరవై రోజుల్లో అధ్యాయం ముగిసింది.

కృతజ్ఞతల పేజీలో గైడు సరళగారు, టైపు చేసిన మునిరత్నం తర్వాత వేద్దామని అటెండరును పేరు అడిగాను.

"పేరొద్దు, పుస్తకం ఇయ్యని అటెండరని రాయప్పా. నా తర్వాత ఈ కుర్చీలోకి వచ్చేవోడు సూసి, వాడూ ఇయ్యకుండా ఉంటాడు."

అలాగే రాశాను.