బావ పంపిన కొర్రమట్ట

నిజాం కాలంలో బాన్సువాడలో మా వాకిట రాతి తొట్టి ఉండేది. అందులో నేను కలువ, చిన్న చేపలు పెంచుకున్నాను. నత్తలు ఆకులన్నీ కొరికేస్తుంటే మా అక్క మొగుణ్ణి ఉపాయం అడిగాను. ఆయన ఒక బిందెలో కొర్రమట్ట చేపను వేసి, ఈ కబురుతో పంపాడు.

"ఇది నీ తొట్టి సాఫ్ చేస్తది, ఫికర్ చేయకు."

వారంలో అది నా చిన్న చేపలన్నింటినీ మింగింది, నత్తల జోలికి పోలేదు.

"సాఫ్ చేస్తదన్న గని, నత్తలనే అన్ననా బామ్మర్దీ?" అని బావ నవ్వాడు. ఆ నవ్వును నేను క్షమించలేదు, క్షమించను.

కొర్రమట్టను కూర వండించాను. సాయంత్రం బీరతొక్కలు నీళ్లలో వేస్తే, పొద్దున నత్తలు వాటినే పట్టుకుని దొరుకుతాయని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టాను. చేపను పంపిన బిందెలో ఆ నత్తలన్నీ నింపి, బావ ఇంటికి పోయి, ఆయన కలువల తొట్టిలో నా చేతులతోనే ఒంపాను.

"ఏందిర గిది?"

"ఒట్టి బిందె వాపసియ్యద్దు గద, బావా."