దెయ్యాల ఆటలో మా దొడ్డి గుమ్మం

వీధిలో నాన్నగారు ఎవరినీ 'అండి' లేకుండా పలకరించి ఎరుగరు. హైస్కూలు మాస్టారు, చర్చిలో పెద్ద. రిక్షా అతన్ని కూడా "కాస్త ఆగండి బాబూ" అనేవారు. తణుకు పక్కన మా ఊళ్ళో ఆయన మర్యాద గురించి చెప్పుకోని ఇల్లు లేదు. ఆ మర్యాదని చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చేవారు. లోపల తలుపు వెనక ఎండు కొబ్బరి మట్ట ఉండేది.

మట్ట అంచు కోస్తుంది, నడిమి భాగం కమిలిపోయేలా చేస్తుంది. అమ్మ వీపు మీద రెండు రకాలూ ఉండేవి. నాకూ చెల్లికీ బెల్టు సరిపోయేది. హాల్లోంచి నడింట్లోకి, అక్కణ్ణించి వంటింట్లోకి, దొడ్లోకి, పక్క సందులోంచి మళ్ళీ వీధి అరుగు మీదికి పరిగెత్తేవాళ్ళం. ఏ మూలకి పోతే దొరికిపోతామో మాకు ఎక్కాల కంటే ముందే వచ్చు.

ఒక వేసవిలో మావయ్య మాకు టీవీ గేమ్ కొనిచ్చాడు. పసుపుపచ్చ గుండ్రటి నోరు ఒకటి సందుల్లో తిరుగుతూ చుక్కలు తింటుంది, నాలుగు రంగుల దెయ్యాలు దాన్ని తరుముతాయి. ఆ ఆటలో మేం గట్టివాళ్ళం. సాధన ఉంది కదా మరి. ఒక ఆదివారం నాన్నగారు చర్చి నుంచి వచ్చి, "క్రైస్తవుల ఇంట్లో దెయ్యాల ఆటేంటి?" అని ఆ పెట్టెని వైర్లతో సహా పీకి, దొడ్లో రోటికేసి కొట్టారు. ప్లాస్టిక్ ముక్క ఎగిరొచ్చి తగిలి చెల్లి కనుబొమ్మ చీలిపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళతో, చిన్నప్పుడు పడిందని చెప్పారు.

ఇప్పుడు నేను పాలకొల్లులో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. అలాంటి పాత పెట్టెల కోసం ఇంట్లో కూర్చుని సొంతంగా ఆటలు రాసుకునేవాళ్ళు ఈ లోకంలో చాలామంది ఉన్నారని నెట్‌లో చూశాక నాకూ ఆ పిచ్చి పట్టుకుంది. పాత సామాన్ల కొట్లో అదే రకం పెట్టె దొరికింది. ఆ ఆటని మొదటి నుంచీ నా చేత్తో మళ్ళీ రాసి, ఆ పెట్టెలో పెట్టే కేసెట్‌లోకి ఎక్కించాను. అయితే అసలు ఆటలో ఉన్న సందులు తీసేసి మా ఇల్లు గీశాను.

నాలుగు దెయ్యాలకీ వేరే మనుషుల కోసం వెతుక్కోలేదు. ఎర్రది నేరుగా వెంటపడుతుంది. అది బడిలో ఎవరితోనో మాట పడి వచ్చిన రోజు నాన్నగారు. గులాబీ రంగుది చప్పుడు లేకుండా ముందుకెళ్ళి వంటింటి తలుపు దగ్గర కాపు కాస్తుంది. అది ఆదివారం ఆయన. నారింజ రంగుది మీదిమీదికి వచ్చి వెనక్కి తిరిగిపోతుంది, ఎత్తిన చెయ్యి అలా ఉండగానే వీధిలోంచి "మాస్టారూ" అని ఎవరో పిలిచినప్పటిలాగా. నీలం రంగుది ఎందుకు మీద పడుతుందో ఆ దేవుడికే తెలియాలి.

అసలు ఆటలో మూలల్లో పెద్ద చుక్కలుంటాయి. అవి తింటే కాసేపు దెయ్యాలే మనకి భయపడి పారిపోతాయి. నేను అవి పెట్టలేదు. మా ఇంట్లో అవి లేవు. ఒకటి మాత్రం ఉన్నదున్నట్టు ఉంచేశాను. ఒక అంచున బయటికి పోతే రెండో అంచున లోపలికి వస్తాం. ఆ రెండు అంచుల్లోనూ మా దొడ్డి గుమ్మాన్నీ వీధి గుమ్మాన్నీ పెట్టాను.

మొన్న వానాకాలంలో చెల్లి పుట్టింటికి వచ్చేసింది. పెదవి చిట్లిపోయింది, కుడి మణికట్టు విరిగింది. మొగుడు దాని చెయ్యి తలుపు సందులో పెట్టి నొక్కాడు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పెద్దలు అల్లుణ్ణి వెంటబెట్టుకుని వస్తారనీ, అమ్మాయిని పంపేస్తాననీ నాన్నగారు అప్పటికే మాట ఇచ్చేశారు. నేను వెళ్ళేసరికి చెల్లి మంచం మీద ముడుచుకుని కూర్చుంది. "ఈసారి చంపేస్తాడక్కా" అంది. నిజమేనని నాకూ అనిపించింది.

ఆదివారం నాన్నగారు చర్చికి వెళ్ళారు. చెల్లి మనసు మళ్ళిద్దామని తెచ్చిన పెట్టెని టీవీకి తగిలించాను. కట్టు కట్టిన చేత్తో అది ఆడలేకపోయింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి, చెయ్యి చీరకి తుడుచుకుని, "ఇలా తే" అని తీసుకుంది. టీవీలో ఛానల్ మార్చాలన్నా నన్ను పిలిచే మనిషి.

అది ఎవరిల్లో, ఆ దెయ్యాలు ఎవరో నేను చెప్పలేదు. అమ్మ కాసేపు చూసి, "ఇప్పుడు నడింట్లోకి తిరుగుతారు చూడు" అంది. గులాబీ దెయ్యం అలాగే తిరిగింది. అది రాకముందే అమ్మ అక్కణ్ణించి తప్పుకుంది. కంగారు లేదు, తొందర లేదు. రాసినదాన్ని నేనే, ఆ ఆటలో అంతసేపు ఎన్నడూ బతకలేదు. చెల్లి మంచం దిగొచ్చి పక్కన కూర్చుంది.

అమ్మ ఎర్రదాన్ని దొడ్లో తిప్పించి తిప్పించి, దొడ్డి గుమ్మంలోంచి బయటపడింది. పసుపు నోరు మాయమై, వీధి గుమ్మంలో మళ్ళీ తేలింది. అమ్మ చెయ్యి ఆగిపోయింది. ఎర్రది వచ్చి తినేసింది.

"ఇదేంటే, దొడ్డి గుమ్మంలోంచి పోతే వీధి గుమ్మంలోకి వచ్చి పడింది?"

"ఆట అంతేనమ్మా. అందరికీ అలాగే ఉంటుంది."

"మా నాన్న కూడా అదే మాట అనేవారు" అంది అమ్మ.

ఒళ్ళు వాచిపోయినప్పుడల్లా అమ్మ దొడ్డి గుమ్మంలోంచి కాలవ గట్టు పట్టుకుని పుట్టింటికి, పెనుగొండ బస్సెక్కేది. నాలుగు రోజులాగి తాతయ్యే స్వయంగా తీసుకొచ్చి వీధి గుమ్మంలో దింపేవాడు. నాన్నగారు "రండి మావయ్యగారూ" అని కాఫీ ఇప్పించేవారు. తాతయ్య బస్సు కదలగానే మట్ట బయటికొచ్చేది.

ఇంతలో గేటు చప్పుడైంది. నాన్నగారితో పెద్దలు ముగ్గురు, వెనక అల్లుడు. నాన్నగారు కుర్చీలు వేశారు. అమ్మ కాఫీలిచ్చింది. "సంసారమన్నాక సర్దుకుపోవాలమ్మా" అన్నారొక పెద్దాయన. "బట్టలు సర్దుకోమ్మా" అన్నారు నాన్నగారు చెల్లితో, ఎంతో మెత్తగా.

"దాన్ని పంపనండి" అంది అమ్మ.

నాన్నగారు నవ్వారు. "ఒకసారి ఇలా లోపలికి రా" అని నడింట్లోకి వెళ్ళారు. ఆ పిలుపు నాకు తెలుసు. అమ్మ వెళ్ళింది కానీ లోపలికి పోలేదు. గడప మీదే ఆగి, కర్టెన్ పక్కకి లాగి పట్టుకుని, "పంపనండి" అని గట్టిగా అంది. ఆయన చెయ్యి ఎటునుంచి వస్తుందో అమ్మకి తెలుసు. ఎప్పుడూ ఎడమకి వంగేది, దెబ్బ భుజం మీద పడేది. ఆ రోజు వంగలేదు. ముక్కు పగిలిన చప్పుడు హాల్లో అందరికీ వినిపించింది.

నెత్తురు చీర కుచ్చిళ్ళ దాకా కారింది. అమ్మ కర్టెన్ వదలకుండా ఇటు తిరిగింది. "చూశారు కదండీ. నేను సర్దుకుపోతే ఇది. దాన్నీ సర్దుకోమంటారా?"

సర్దుకుపోమన్న పెద్దాయన కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. అల్లుడు మాత్రం లేచి, "నా పెళ్ళాన్ని నేను తీసుకెళ్తా" అని చెల్లి కట్టు చేతినే పట్టుకున్నాడు. చెల్లి కేక పెట్టింది. నా చేతికి ఇత్తడి చెంబు దొరికింది, బలం కొద్దీ విసిరాను. నుదుటికి తగిలి కింద కూలబడ్డాడు. సంతోషమేసింది, అబద్ధమెందుకు.

చెల్లిని లేవదీసి దొడ్డి వైపు నడవబోయాను. అమ్మ నా రెక్క పట్టుకుని ఆపింది. "అటు వద్దు. ఇందరి ఎదురుగానే పోదాం." ముక్కుకి కొంగు అదిమి పట్టుకుని వీధి గుమ్మంలోంచి ముందుగా అమ్మే దిగింది. ఎవరూ అడ్డం రాలేదు.

ఇప్పుడు ముగ్గురం పాలకొల్లులో నా అద్దె పోర్షన్‌లో ఉంటున్నాం. ముక్కు మీద ప్లాస్టర్ తీసిన రోజున అమ్మ, "ఆ దొడ్డి గుమ్మం సంగతి చూడవే" అంది. ఆ రెండు గుమ్మాల మధ్య లంకె తెంపేశాను.

కట్టు విప్పాక చెల్లి మొదటిసారి ఆడింది. రెండుసార్లు దొరికిపోయింది. మూడోసారి పక్క సందులోంచి దొడ్డి గుమ్మం చేరి బయటికి పోయింది. మళ్ళీ రాలేదు. తెర మీద ఖాళీ ఇంట్లో నాలుగు దెయ్యాలూ గదిగదికీ తిరుగుతున్నాయి. ఇంక ఆడటానికి ఏమీ లేదని స్విచ్ దగ్గరికి వెళ్ళాను.

"ఆపకే" అంది అమ్మ. "కాసేపు వెతుక్కోనీ."