మజ్రా గుంటలో కట్టె కప్ప

నేను ఖతర్‌కు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో మా ఊరి వాళ్ళ లెక్కలో నాది ‘దుబాయ్‌ల పెద్ద నౌకరి’. నిజానికి అల్ రయ్యాన్ అవతల ఒక క్యాంపులో పై మంచం నాది. (ఏసీ ఆగినప్పుడు పెనం మీద రొట్టెలా కాలేవాణ్ణి.) కింది మంచం బావది. సొంత బావ కాదు. జగిత్యాల దిక్కు మనిషి, రూమంతా ఆయన్ను అట్లనే పిలిచేది. షట్టరింగ్ కార్పెంటర్. మిగిలిన చెక్క ముక్కలతో కట్టె కప్పలు చెక్కేవాడు. నీళ్ళ మీద తేలే ఆ కప్పకు గాలం బిగించి, గడ్డి పక్కన టపటపా లాగితే కొర్రమట్ట చేప నిజం కప్పే అనుకుని ఎగిరి మింగుతుందట. ఎడారిలో కొర్రమట్ట ఎక్కడిదని మేం నవ్వితే, “సెలవుల పోయినప్పుడు పనికొస్తయ్ తియ్” అనేవాడు.

ఒకరోజు సైట్‌లో రంపం మిషన్ బావ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తీసుకుపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెడితే తిన్నాడు, పలకరిస్తే పలకలేదు. ఇంటినుంచి ఫోనొస్తే వీడియో ఆపేసి “మంచిగనే ఉన్న” అని పెట్టేసేవాడు. కంపెనీ వీసా క్యాన్సిల్ చేసి పంపుతుందని మాకందరికీ తెలుసు. పైకి ఎవరం అనలేదు.

నాకు తోచింది నేను చేశాను. ఆయన ఉలి తీసుకుని ఒక కప్ప చెక్కి, సైట్ రంగు పూసి, ఎర్ర కళ్ళు పెట్టాను. (పళ్ళు కూడా పెట్టాను. కప్పకు పళ్ళుంటాయా అని ఆలోచించలేదు.) బావ దాన్ని ఎడమచేత్తో అటూఇటూ తిప్పి చూశాడు.

“ఇదేందిరా, వంకాయనా?”

రూమంతా ఘొల్లుమంది. ఆయన నోరు తెరిపించిన ఘనత నా చేతగానితనానిదే. ఆ తర్వాత మంచం మీద పడుకునే నాకు చెక్కడం పాఠాలు చెప్పాడు. “తోక దిక్కు బరువుండాలె. ముక్కు పైకి లేవాలె.” నేను చెక్కిన ప్రతి కప్పనూ బాత్రూం బకెట్లో తేలేసి చూసేవాణ్ణి. బయట స్నానానికి నిలబడ్డవాళ్ళు తలుపు బాదుతూ నాలుగు దేశాల భాషల్లో తిట్టేవాళ్ళు.

మా డ్రైవర్ హైదరాబాద్ భాయ్. వాళ్ళ బామ్మర్ది ఒక మజ్రాలో, అంటే తోటలో, పని చేసేవాడు. అక్కడి నీళ్ళ గుంటలో ఎవరు వదిలారో గాని కొర్రమట్టలున్నాయని చెప్పి, శుక్రవారం మమ్మల్ని పికప్‌లో తీసుకుపోయాడు. బావ కప్పలన్నీ గట్టుమీద పరిచాడు. రంగు కప్పను పక్కకు తోశాడు. “దీన్ని చూస్తే చేప జడుసుకుంటది.” రంగులేని నా బోడి కప్పను ఎత్తుకుని, “ఇది నీళ్ళ మీద సక్కగ కూసుంటది” అన్నాడు. నా ఛాతీ ఉబ్బింది.

ఎడమచేత్తో వేసిన మొదటి విసురుకు గాలం భాయ్ టోపీకి తగులుకుంది. “క్యా బావా, చేపను పట్టమంటే నన్ను పడ్తున్నవ్?” రెండో విసురుకు కప్ప జమ్ము గడ్డి పక్కన పడింది. బావ లాగాడు, ఆపాడు, మళ్ళీ లాగాడు. నీళ్ళు పగిలాయి. కప్ప మాయం.

బావ అలవాటు కొద్దీ తంగూసు దారాన్ని కుడిచేత్తో అందుకున్నాడు. పట్టడానికి అక్కడ వేళ్ళు లేవు. దారం కట్టు మీద నుంచి జారిపోయింది. నేను బట్టలతోనే గుంటలోకి దూకాను. దారం దొరకలేదు, బురద దొరికింది, చెవి నిండా నాచు దొరికింది.

నన్ను చూసి బావ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాడు. భాయ్ చిరిగిన టోపీ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

“నా చెయ్యి పోయిందిరా” అన్నాడు బావ. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

నడుములోతు నీళ్ళలోంచి నేను అన్నది ఇదీ: “చిన్నదే బావా. అది చిన్న చేపనే.”

“చిన్నదా? తొడంత ఉన్నదిరా, గాడ్దీ!” ఏడుస్తూనే గద్దించాడు.

కొన్నాళ్ళకు ఆయన్ను కంపెనీ ఊరికి పంపేసింది. నేనిప్పుడు ఫోర్‌మన్‌ని. దెబ్బ తగిలిన మనిషి దగ్గర కూర్చుని ఆస్పత్రి గురించి, కంపెనీ గురించి పద్ధతిగా మాట్లాడతాను. వాళ్ళు తలూపి గోడవైపు తిరుగుతారు. అప్పుడు చెవిలో నాచుతో నిలబడి అంత పెద్ద చేపను చిన్నదన్న పోరడు, అప్పటి నేను, గుర్తొచ్చి నవ్వొస్తుంది. వీళ్ళ దగ్గరికి నా బదులు వాణ్ణి పంపాల్సిందనిపిస్తుంది.