పక్కలు తెరిచిన బస్సు

మామ పోయినాడని ముదిగుబ్బ నుంచి ఫోనొచ్చింది. చేసింది చిన్నమామ, పోయినాయన సొంత తమ్ముడు. ఆ ముక్క చెప్పి, ఊపిరన్నా తీసుకోకుండా, "బస్సు తాళాలు యాడుండాయో నీకేమన్నా తెలుసునా?" అని అడిగినాడు. మహాజనులారా, నివాళి రాసేటప్పుడు గొంతు గద్గదం కావాలంటారు. నాకు పళ్ళు పటపటలాడినాయి. ఇది ఆ పళ్ళ సందులోంచి వస్తాండే నివాళి, మన్నించండి.

మామ మీద కూడా కోపమే. గుండెలో నొప్పి వస్తే "గ్యాసులేప్పా" అని సోడా తాగి పడుకున్నాడంట. ఇంత మొండితనం ఎవరిమ్మన్నారు ఆయనకి?

బోర్లు ఎండి చేను పోయినాక, మామ ఒక ముసలి బస్సు కొన్నాడు. సీట్లు పెరికి, మంచాలూ పొయ్యీ బిగించినాడు. రెండు పక్కలా రేకు గదులు, బల్ల సొరుగుల మాదిరి లోపల్నుంచి నూకితే బయటికొచ్చి తెరుచుకుంటాయి. శెనక్కాయ పీకినాక రైతుల్ని అందులో తీర్థయాత్రలకు తీసకపోయేవాడు. పిల్లలు లేరు. ఆయనకీ అత్తకీ ఇల్లూ అదే, బువ్వా అదే.

యాడ ఆపినా ముందు బస్సును మట్టం చేయాల. లేకుంటే గదులు ఇరుక్కుంటాయి. చక్రాల కింద రాళ్ళు, మూలల్లో జాకీలు పెట్టినాక, అత్త ఒక్కతే లోపలికి పోయి దోసె పోసి చుట్టూ నూనె వేసేది. నూనె ఒక పక్కకే పారితే ఆ పక్క జాకీ ఇంకొంచెం లేపాల. అది సరిగా నిలిచేదాకా ఇంకెవరూ బస్సెక్కకూడదు. ఒక పక్క మాడి, ఇంకో పక్క పచ్చిగా మిగిలిన దోసెలన్నీ నా వాటా. నా డిగ్రీ సెలవులన్నీ వాటితోనే గడిచినాయి.

ఒకసారి కదిరి దాటినాక వియ్యపురాండ్లిద్దరు కొట్లాటకు దిగినారు. వినేదానికి జనమంతా ఒకే గదిలోకి దూరినారు. జాకీ మట్టిలోకి దిగబడి బస్సు ఒరిగింది. మామ కింద నుంచి అరిచినాడు: "అమ్మా, కొట్లాడుకోండి, వద్దనను. అయితే చెరో పక్కన నిలబడి కొట్లాడండి. నా బస్సు ఎవరి పక్కా కాదు!"

అట్లాంటి మనిషి కర్మ కూడా కాకముందే, ముదిగుబ్బలో నా కండ్ల ముందరే, చిన్నమామ పాత ఇనుము వ్యాపారిని పిలుచుకొచ్చినాడు. తాళాలు దొరకలేదని, తన ఇంటి పక్క సందులో నిలిపిన బస్సును లాగేదానికి లారీ కూడా తెచ్చినాడు.

"మరి అత్త?" అన్నాను.

"ఆడమనిషి బస్సులో ఉండేదేందిరా? మా ఇంట్లో ఒక మూల పడుంటాది."

ఆ మూల నేను చూసినా. గొర్రెల దాణా బస్తాలుండాయి.

"బస్తాల మీద పండుకుంటాదా, కింద పండుకుంటాదా?" అని అరిచినాను.

"చదువుకున్నోనివి, పరీక్షలు రాసుకోపోప్పా," అన్నాడు.

అత్త బస్సెక్కి తలుపేసుకుంది. కుడి పక్క గది కిర్రుమంటా బయటికొచ్చి, సందులో ఒక గోడకు తగిలి ఆగింది. తర్వాత ఎడమది, రెండో గోడకు తగిలి. ఇంక బస్సును లాగితే రెండిళ్ళ గోడలూ కూలాల్సిందే. అందులో ఒకటి చిన్నమామదే.

"ఏమప్పా, తీసకపో ఇప్పుడు," అంది అత్త లోపల్నుంచి.

వ్యాపారి లారీని వెనక్కి తీసుకుంటా చిన్నమామను ఆయన వంశంతో సహా తిట్టినాడు. నా కడుపు కొంచెం చల్లబడింది.

అత్త డ్రైవరు కిటికీ తీసి, మామ కాకీ చొక్కా పిండి ఆరేసింది. కిందనే నిలబడిన చిన్నమామ నెత్తిన నీళ్ళు బొట్లు బొట్లుగా పడతాండాయి. అన్న చొక్కానే తలెత్తి చూస్తా ఆయన పక్కకి జరగలేదు.